ఐదుకు మూడు

కె.ఆర్.పురం,
బెంగళూరు.

గౌరవనీయులైన అహరోను సార్ గారికి,

కుప్పం మధుసూదన్ నమస్కారాలు. పేరు చెబితే మీకు గుర్తు రాకపోవచ్చు. పోయిన వారం మెజెస్టిక్ బస్టాండులో మిమ్మల్ని, అమ్మగారిని ఎక్కించుకుని, మీ మనవరాలు జెమీమా మేడం ఫ్లాటు దగ్గర దింపిన క్యాబు డ్రైవరును. మీరు మదనపల్లె మిషన్ బడిలో తెలుగు అయ్యవారుగా చేసి రిటైరైన సంగతి, మీ వీధి, ఇంటి నంబరు అన్నీ దారిలో చెప్పారు. అందుకే ఉత్తరం రాయగలుగుతున్నాను. యాప్‌లో మీ ఫోను నంబరు నాకు చూపించరు, నాది మీకు చూపించరు. ఈ ఊళ్ళో ఒకే కారులో కూర్చున్నవాళ్ళ మధ్యన కూడా తెర ఉంటుంది.

విషయానికి వస్తాను సార్. ఆ రోజు కారు దిగి మీరు నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొడుతున్నా ఆమెన్ అనేదాకా కదల్లేదు. అమ్మగారు సంచిలోంచి వేరుశనగ ఉండ తీసి ఇచ్చి, "ఇంత నెమ్మదస్తుణ్ణి యాడా సూడలేదప్పా" అన్నారు. నా మనసు నిండిపోయింది. సాయంత్రం ఫోను చూసుకుంటే మీరు వేసిన నక్షత్రాలు మూడు. ఐదుకు మూడు సార్.

నేను ఈ పనిలో చేరి నెల కూడా కాలేదు. కొత్తవాడికి ఒక్కరు తగ్గించినా మొత్తం జారిపోతుంది. ఇంకాస్త జారితే కంపెనీవాళ్ళు నా ఐడీ ఆపేస్తారు. ఐడీ పోతే ఓనరు కారు తీసేసుకుంటాడు. నా భార్య రాణి, బిడ్డ కుప్పంలో మా అత్త చెంగమ్మ దగ్గర ఉన్నారు. "పని గట్టిపడినాక వచ్చి ఇద్దర్నీ పిల్సుకుపో, అంతదాకా ఈడే ఉంటారు" అని అత్త తెగేసి చెప్పింది. బిడ్డకు మూడో నెల నడుస్తోంది. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకున్నదానికంటే ఫోనులో చూసిందే ఎక్కువ.

నా వల్ల ఏం తప్పు జరిగిందో చెప్పండి, దిద్దుకుంటాను. వీలుంటే ఆ మూడును ఐదు చేయండి.

ఇట్లు,
మీ విధేయుడు మధుసూదన్

తా.క.: నక్షత్రాల కింద మీరు ఒక మాట కూడా రాశారు. "వినయము కలదు. ఏకాగ్రత పెరగవలెను. కృషి చేసిన పైకి వచ్చును." కంపెనీవాళ్ళు దాన్ని అలాగే ఉంచి, కింద ఇంగ్లీషులోకి కూడా మార్చి నాకు పంపారు. ఇంగ్లీషులో చదివితే ఇంకా భయమేస్తోంది.


మదనపల్లె.

ప్రభువునందు ప్రియమైన మధుసూదనుకు,

అహరోను ఆశీర్వదించి వ్రాయునది. నీ ఉత్తరం అందింది. ఫస్టు క్లాసు వచ్చినవాడు ఏడుస్తూ ఉత్తరం రాయడం నా సర్వీసులో ఇదే మొదటిసారి.

నాయనా, ఐదుకు మూడు అంటే నూటికి అరవై. మా బడిలో ఒక లెక్క ఉండేది. ఐదు దేవునికి. నాలుగు పాఠం రాసిన మహానుభావునికి. మూడు, పుస్తకం మూసి ఆ పాఠం అప్పజెప్పగలిగిన పిల్లవానికి. నాకు మా గురువుగారు ఏనాడూ రెండున్నర దాటించలేదు. మదనపల్లె, పుంగనూరు, రామసముద్రం చుట్టుపక్కల నా చేత మూడు వేయించుకున్నవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళలో ఒకడు జడ్జి అయ్యాడు. నీకు నేను మొదటి పరిచయంలోనే మూడు వేశాను. వేసిన తరువాత, "కుర్రవాడికి ఎక్కువైందేమో" అని మా ఇంటావిడ మణెమ్మతో అన్నాను కూడా.

తప్పేమిటని అడిగావు కాబట్టి చెబుతున్నాను. రోడ్డు కళ్ళెదుట ఉండగా నువ్వు ఫోనులోని నీలిగీతను చూసి నడిపావు. ఫోనులోంచి ఆమె ఎవరో చెప్పేదాకా నీకు ఎడమ ఎటో తెలియలేదు. ఏకాగ్రత అన్నది అందుకే. అంతకుమించి నీకు నేను తగ్గించింది ఏమీ లేదు. పైవి రెండూ ఎలాగూ నీవి కావు.

మణెమ్మ పక్కన కూర్చుని, "ఆ పిల్లోనికి ఇంకో రెండు సుక్కలేస్తే నీ సొమ్మేం పోతాదయ్యా?" అంటోంది. నా సొమ్మయితే పంచిపెట్టేవాణ్ణే. మార్కులు నా సొమ్ము కావు.

ధైర్యంగా ఉండు.

ప్రార్థనలో నిన్ను తలచుకునే
అహరోను

తా.క.: చేతిరాత గుండ్రంగా ఉంది. ఉత్తరానికి ఐదుకు రెండున్నర.

మరొక మాట: నీకు బేరాలు పెరగాలని మా పెన్షనర్ల సంఘంలో నీ గురించి చెప్పాను. కంటి ఆపరేషన్లకు బెంగళూరు వచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందరూ రిటైరైన అయ్యవార్లే. ఇకమీదట నీ కారే ఎక్కుతామన్నారు. మార్కుల విషయంలో నేను కొంచెం మెతకవాణ్ణి. వాళ్ళు అట్లా కాదు.


కె.ఆర్.పురం,
బెంగళూరు.

గౌరవనీయులైన సార్ గారికి,

మీ ఉత్తరం చదివాను. మీరు చెప్పింది న్యాయమే. అయితే ఆ న్యాయం ఈ ఊళ్ళో చెల్లదు సార్.

ఇక్కడ ఐదు అంటే గొప్ప అని కాదు. ఏమీ జరగలేదు అని. ఎక్కారు, దిగారు, ప్రాణాలతో ఉన్నారు, అంతే. నాలుగు అంటే కారు కంపు కొట్టింది. మూడు అంటే డ్రైవరు తిట్టాడు. రెండు అంటే కొట్టాడు. ఒకటి అంటే ఆ సాయంత్రానికి నా ఫొటో అపార్టుమెంటు గ్రూపుల్లో తిరుగుతుంది.

ఈ ఊళ్ళో అందరూ అందరికీ మార్కులు వేస్తారు. దోసె తెచ్చినవాడికి, జుట్టు కత్తిరించినవాడికి, మాల్‌లో బాత్రూము కడిగిన ఆవిడకు కూడా. నా గదిలో ఉండే యశ్వంత్‌ది వెంకటగిరికోట. పది నిమిషాల్లో సరుకులు చేర్చే పని వాడిది. కొత్తిమీర కట్ట కోసం మెట్లన్నీ పరుగెత్తి ఎక్కుతాడు. తలుపు చెయ్యి పట్టేంత తెరుస్తారు, సంచి లాక్కుంటారు, మూసేస్తారు. వాడికి ఐదు వేస్తారు. మొహం చూడనివాళ్ళు ఐదు వేస్తున్నారు సార్. తలమీద చెయ్యి పెట్టి దీవించిన మీరు మూడు వేశారు. ఎవరిది ప్రేమో నాకు తెలుసు. కంపెనీకి తెలియదు.

రాణి ఈ సంగతి వాళ్ళమ్మకు చెప్పేసింది. "మా ఈదిలో దోసెలంగిడికే నాలుగు సుక్కలుండాయంటనే. మీ ఆయనకి మూడేనా?" అన్నదట అత్త. ఇప్పుడు నా పరువు దోసెల అంగడి కింద ఉంది.

ఇంకొక సంగతి దాచకూడదు. యశ్వంత్ మీ వాక్యాన్ని ఫొటో తీసి ఎవరికో పంపాడు. వాళ్ళు ఇంకెవరికో పంపారు. ఇప్పుడు కూలిన గోడ బొమ్మ పెట్టి కింద "కృషి చేసిన పైకి వచ్చును - అహరోను, మదనపల్లె" అని రాస్తున్నారు. గుంతలో పడ్డ లారీ కింద అదే. ఆగిపోయిన లిఫ్టు కింద అదే. నన్ను క్షమించండి.

దయచేసి మీరిక నాకు ఏ సాయమూ చేయవద్దు.

ఇట్లు,
మీ మధుసూదన్

తా.క.: దేవుని దయవల్ల యాప్‌లో ఫలానా డ్రైవరే కావాలని ఎంచుకునే వీలు లేదు. మీ సంఘం పెద్దలకు నా నమస్కారాలు.


మదనపల్లె.

ప్రభువునందు ప్రియమైన మధుసూదనుకు,

నీ ఉత్తరం నన్ను కదిలించింది. మొహం చూడకుండా ఐదు వేయడమంటే పేపరు దిద్దకుండా మార్కులు వేయడమే. మా రోజుల్లో దానికి సస్పెన్షను. అయినా నీ భార్యాబిడ్డల సంగతి నా గుండెలో ముల్లులా ఉంది.

నిన్న జెమీమా ఊరికి వచ్చింది. మూడును మార్చగలమా అని అడిగాను. "వేసేసినాక అయిపాయ తాతా, ఇంగ మార్సేకి కాదు" అంది. నాకు మింగుడు పడలేదు. పదో తరగతి పరీక్షకే రీవాల్యుయేషన్ ఉంది. అన్నం పెట్టే పనికి ఉండదా?

జెమీమా స్నానానికి పోయినప్పుడు నేనే నా ఫోను తీసి వెతికాను. దొరికింది. "సమస్య తెలపండి" అని ఒక చోటు ఉంది. దాని కింద ఎన్నో గళ్ళు. అన్నిటికంటే పైన ఉన్నది, ఎర్రగా ఉన్నది నొక్కాను. పైన ఉన్నది పై అధికారికే పోతుంది కదా. వివరం ఇలా రాశాను:

"అయ్యా, ఈ డ్రైవరు విషయమై తీవ్రమైన అన్యాయము జరిగినది. ఆ రోజు నా ప్రాణము, నా భార్య ప్రాణము ఇతని చేతిలో ఉండినవి. ఇతనిని తక్షణము పిలిపించి, కారు నడుపుటలో మరల పరీక్షించి, తగిన నిర్ణయము తీసుకొనవలసినదిగా కోరుచున్నాను. ఆలస్యము చేసిన నేను ఊరుకొనను."

చివరి వాక్యం మణెమ్మ చెప్పింది. గట్టిగా ఉంటుందని చేర్చాను.

అర నిమిషంలో జవాబు వచ్చింది. "మీ ఫిర్యాదును అత్యంత శ్రద్ధతో స్వీకరించాము" అని. చూశావా, ఇంత త్వరగా పనిచేసే ఆఫీసు నేను చూడలేదు. ఇక నీకు పునఃపరీక్షే. నిన్ను కారు నడపమంటారు, నువ్వు నడుపుతావు, వాళ్ళే దిద్దుకుంటారు.

నీ మేలు కోరే
అహరోను

తా.క.: నా వాక్యం ఇక్కడికీ వచ్చింది. చర్చిలో పిల్లలు ప్రతిదానికీ నన్ను మార్కులు అడుగుతున్నారు. పోయిన ఆదివారం పాస్టరు మోజెస్ గారి ప్రసంగానికి అడిగారు. రెండు అన్నాను. అప్పటినుంచి ఆయన నాకు దండం పెట్టేటప్పుడు గోడవైపు చూస్తున్నాడు.


కుప్పం.

గౌరవనీయులైన సార్ గారికి,

నా ఐడీ పోయింది.

"ప్రయాణికుల ప్రాణానికి సంబంధించిన తీవ్రమైన ఫిర్యాదు" అని ఫోనుకు ఒక్క మాట వచ్చింది. మీరు నొక్కిన ఎర్ర గడి ప్రమాదాలు జరిగినప్పుడు నొక్కేది సార్. ఓనరు తాళాలు తీసుకున్నాడు. యశ్వంత్ రైలు దాకా వచ్చాడు. వాడు నవ్వించాలని చూశాడు గానీ మాకిద్దరికీ నవ్వు రాలేదు.

మీ మీద నాకు కోపం లేదు. నా మేలు కోరి చేశారని తెలుసు. నా కోసం ఒక పెద్దాయన అంత పొడుగు ఫిర్యాదు రాయడం కూడా ఇదే మొదటిసారి.

బిడ్డ నన్ను చూసి గుక్కపెట్టి ఏడ్చింది. ఫోనులో చిన్నగా కనబడే మొహం ఇంత పెద్దదని దానికి తెలియదు. రాణి ఎత్తుకుని లోపలికి తీసుకుపోయింది. నేను వాకిట్లో చెప్పుల దగ్గర నిలబడ్డాను. అత్త నన్ను చూసి ఒక్క మాట కూడా అనలేదు. అది చాలా కష్టంగా ఉంది సార్.

ఇట్లు,
మధుసూదన్

తా.క.: ఉత్తరం పోస్టు చేయడం ఒక రోజు ఆలస్యమైంది. ఈలోగా అత్త అనేసింది. మొత్తం అనేసింది.


మదనపల్లె.

ప్రియమైన మధుసూదనుకు,

ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియకుండానే రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన మరునాడే మణెమ్మను తీసుకుని బెంగళూరు పోయాను. జెమీమా సెలవు పెట్టి ఆ కంపెనీ ఆఫీసు దగ్గరికి తీసుకుపోయింది. అద్దాల మేడ. గేటు దగ్గర వాచ్‌మాను ఒక్కడే మనిషి. పేరు గంగాధర్, మన నిమ్మనపల్లెవాడే. "పెద్ద అధికారిని కలవాలప్పా" అన్నాను. "ఆడ పెద్దోళ్ళు ఎవురూ లేరు సార్. ఫిర్యాదులన్నీ మిషనే సూస్తాది. నా జీతం తప్పు పడితే నేనూ దానికే సెప్పుకున్నా" అన్నాడు. మాకు కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చాడు. ఆ మేడలో మాకు దొరికిన న్యాయం అదే.

జెమీమా తెరిచి ఇస్తే నా ఫోనులో ఆ మిషనుతో మాట్లాడాను. నేను ఒక పుట రాస్తే, "మీ బాధ మాకు అర్థమైంది" అంటుంది. అర్థమైతే చేయమంటే, మళ్ళీ "మీ బాధ మాకు అర్థమైంది" అంటుంది. మొద్దు పిల్లలకు నలభై ఏళ్ళు పాఠం చెప్పాను. ఒక్కడూ ఇంత మర్యాదగా నన్ను ఓడించలేదు.

నాయనా, నీకు అన్యాయం జరిగింది, నా చేతిమీదుగా జరిగింది. నేను బాధపడుతున్నాను. మూడు అన్నది తప్పు మార్కు కాదని ఇప్పటికీ అంటాను. తప్పు చోట వేశాను. ఆ మార్కు విలువ తెలియని ఊళ్ళో వేశాను.

నీ బిడ్డ కోసం మణెమ్మ ఉన్ని టోపీ అల్లుతోంది.

అహరోను

తా.క.: చివర్లో ఆ మిషను తనకు నక్షత్రాలు వేయమంది. సున్నా వేద్దామంటే వీలు లేదు. ఒకటి వేసి, "వినయము కలదు. వినికిడి లేదు" అని రాశాను.


కుప్పం.

గౌరవనీయులైన సార్ గారికి, అమ్మగారికి,

టోపీ అందింది. బిడ్డకు కొంచెం పెద్దదైంది, వచ్చే చలికాలానికి సరిపోతుంది.

సార్, నేను చెప్పబోయేది మీరు కూర్చుని చదవాలి.

రాణి మేనమామ మునెప్పకు టమోటాలు తోలిన పాత వ్యాను ఒకటి ఉంది. వాకిట్లో ఊరికే పడి ఉంటే సీట్లు వేయించి నా చేతికిచ్చాడు. కుప్పం నుంచి వెంకటగిరికోట, పుంగనూరు మీదుగా మదనపల్లె ఆస్పత్రులకు పోయేవాళ్ళను ఎక్కించుకోవాలని నా ఆలోచన. మొదట్లో ఎవరూ ఎక్కలేదు. కొత్తవాడు, పాత బండి, టమోటా వాసన.

ఈలోగా యశ్వంత్ సెలవుకు వచ్చాడు. నన్ను ఆటపట్టించాలని వెనక అద్దం నిండా పెద్ద స్టిక్కరు అంటించిపోయాడు. "ఐదుకు మూడు. కృషి చేసిన పైకి వచ్చును - అహరోను, మదనపల్లె." నేను చూసుకున్నది పుంగనూరు బస్టాండులో. సిగ్గుతో చచ్చి, బ్లేడు తీసుకుని గీకడం మొదలుపెట్టాను. వెనకనుంచి ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగప్పా. ఈ అహరోను ఎవురు? మదనపల్లె తెలుగు సారేనా?"

అవునన్నాను. తలంతా నెరిసిన మనిషి, చేతిలో తోలు సంచి. తాసిల్దారుగా చేసి రిటైరయ్యాడట.

"ఆయప్ప నీకు మూడేసినాడా? నిజంగానా?"

"నిజమే సార్. దానివల్లే నా పని పోయింది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాకు రెండుంబావు ఏసినాడప్పా. దానికే మా నాయన ఈదంతా బొరుగులు పంచినాడు" అన్నాడు. అని, వ్యానెక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. బస్సు కోసం నిలబడినవాళ్ళను పేరుపేరునా పిలిచాడు. "రాండి, రాండి, అహరోను సారు మూడేసిన బండి!" ఒక నర్సమ్మ ఎక్కింది. ఒక లాయరు ఎక్కాడు. దారంతా ఎవరికి మీరు ఎంత వేశారో చెప్పుకుంటూ వచ్చారు. ఒకావిడ తనకు రెండు వచ్చిన రోజును తలచుకుని సంతోషంతో కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు బండి ఖాళీగా పోవడం లేదు సార్. పుంగనూరులో వసంతమ్మ అని ఒక పెద్దావిడ కోడల్ని కాన్పుకు నా బండిలోనే పంపింది. "సారు మూడేసినాడంటే కండ్లు మూసుకుని ఎక్కొచ్చు" అన్నదట. నేను మాత్రం కళ్ళు తెరిచే నడుపుతున్నాను. ఫోను జేబులో ఉంటుంది. ఎడమ ఎటో నాకిప్పుడు తెలుసు.

సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. బిడ్డ నా గొంతు వింటే ఇప్పుడు తల తిప్పుతుంది. అత్త వీధిలో అందరికీ, "మా అల్లునికి మూడు సుక్కలుండాయమ్మా" అని చెప్పుకుంటోంది.

ఇట్లు,
మీ మధుసూదన్

తా.క.: నిన్న ఒకాయన ఎక్కబోయి, స్టిక్కరు చదివి, వెనక్కి దిగిపోయాడు. ఏమైందని అడిగితే, "నాకు ముప్పావు ఏసినాడు. ఆయప్ప పేరున్న బండిలో నేను కూసోను" అన్నాడు.


మదనపల్లె.

ప్రభువునందు ప్రియమైన మధుసూదనుకు,

నీ ఉత్తరం మణెమ్మ నా చేత రెండుసార్లు చదివించుకుంది. దేవునికి స్తోత్రం. రాణికి, బిడ్డకు, ముఖ్యంగా మీ అత్తగారికి మా దీవెనలు. ముప్పావు వచ్చినవాడు ఎవరో నాకు తెలుసు. ముప్పావు కూడా ఎక్కువే.

ఇక ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే. నాకు నీ మీద ఒక ఫిర్యాదు ఉంది.

ఆ యాప్ ఇక వద్దని నా ఫోను జెమీమాకు ఇచ్చాను. తీసేయబోతూ ఆమె నవ్వి, "తాతా, నీ మార్కులు సూసుకున్నావా?" అంది. నాకేం మార్కులు అన్నాను. ఎక్కినవాళ్ళకు డ్రైవర్లు కూడా మార్కులు వేస్తారట. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఆ యాప్‌తో ఎక్కింది ఒక్క కారు, అది నీది. నా పేరు పక్కన ఐదు ఉంది.

ఐదుకు ఐదు.

దిగిన వెంటనే వేస్తారని జెమీమా చెప్పింది. అంటే నేను కళ్ళద్దాలు సరిచేసుకుని, ఆలోచించి, నీకు మూడు వేసే వేళకే నువ్వు నాకు ఐదు వేసి ఉన్నావు. తరువాత ఇన్ని ఉత్తరాలు రాశావు, పని పోగొట్టుకున్నావు, ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు.

బెంగళూరులో ఐదు అంటే ఏమీ జరగలేదని అర్థం అన్నావు. అట్లా అనుకుందామని చూశాను. మనసు ఒప్పుకోలేదు. డెబ్బై దాటిన తరువాత నాకు మొదటిసారి ఐదుకు ఐదు వచ్చాయి, ఏ పరీక్ష రాశానో కూడా నాకు తెలియదు. మా గురువుగారు ఉండి ఉంటే వెంటనే పేపరు తెప్పించి మళ్ళీ దిద్దేవారు. నాకు సంతోషంగా ఉంది నాయనా, సిగ్గుగానూ ఉంది. మణెమ్మ మాత్రం ఫోను చూసి, "ఆ పిల్లోడు నీతో ఉండింది గంటసేపే గదా. అందుకే ఐదేసినాడు" అంది.

ఐదు దేవునికని నేను ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు అది నా పేరు పక్కన ఉంటే ఆయన ముందు నేనెట్లా నిలబడాలి? కాబట్టి దయచేసి ఏదో ఒక ఉపాయం చేసి, ఆ ఐదును మూడుకు తగ్గించు.

నీ
అహరోను

తా.క.: తొందరేమీ లేదు. యాప్ తీసేయవద్దని జెమీమాకు చెప్పాను. వచ్చే ఆదివారం పాస్టరుగారు భోజనానికి వస్తున్నారు, ఆయనకు ఒకసారి చూపించాలి. అంతవరకు ఉండనీ.